చెర ముగిసిన తర్వాత: హగ్గయి, జెకర్యా, మలాకీ గ్రంథాల పఠనం

బైబిలును ఆదికాండము నుంచి వరుసగా చదువుతూ వచ్చి పాత నిబంధన చివరికి చేరేసరికి మీకు ఉత్సాహం సన్నగిల్లిందని రాశారు. హగ్గయి గ్రంథం మందిరం కట్టడానికి చందా అడిగే ప్రసంగంలా తోచిందనీ, జెకర్యాలోని గుర్రాలు, కొమ్ములు, ఎగిరే పుస్తకం బొత్తిగా అర్థం కాలేదనీ, మలాకీలో కానుకల వచనం తప్ప మరేదీ ఎవరూ బోధించగా వినలేదనీ చెప్పారు. వీటిని ఏళ్ల తరబడి చదువుతున్నవారికి వీటిలో ఏమి కనిపిస్తుందో, ఎలా చదవాలో చెప్పమని అడిగారు. మా సంఘంలో ఆదివారం మధ్యాహ్నం జరిగే బైబిలు తరగతిలో ఈ మూడు గ్రంథాలను పలుమార్లు బోధించినవాడిగా, అంతకంటే ఎక్కువసార్లు ఒంటరిగా చదువుకున్నవాడిగా నాకు తెలిసినంత చెబుతాను. సమాధానం కాస్త పొడవుగానే ఉంటుంది.

ముందుగా ఒక్క మాట. ప్రవక్తలలో చాలామంది రాబోయే నాశనం గురించి హెచ్చరిస్తారు, లేదా నాశనంలో మునిగి ఉన్నవారికి విడుదల వస్తుందని ధైర్యం చెబుతారు. ఈ ముగ్గురి కాలానికి ఆ విడుదల వచ్చేసింది. బబులోను పడిపోయింది, దారి తెరుచుకుంది, జనం స్వదేశానికి తిరిగి వచ్చారు. కానీ యెషయా, యిర్మీయా, యెహెజ్కేలు మాటలు విని వాళ్లు మనసులో కట్టుకున్న ఆశ ఎంత పెద్దదో, కళ్లెదుట కనబడినది అంత చిన్నది. దేవుడు మాట నిలబెట్టుకున్నాడని కాదనలేరు, ఇంతేనా అని అడగకుండానూ ఉండలేరు. ఈ మూడు గ్రంథాలూ ఆ స్థితిలో ఉన్న మనుషులతో మాట్లాడుతున్నాయి. ఇది పట్టుకుంటే హగ్గయి కసురుతున్నట్టు వినిపించడు, జెకర్యా పొడుపుకథలా ఉండడు, మలాకీ కానుకల కవరు మీది వచనంగా మిగిలిపోడు.

కాలక్రమం తెలియకుండా ఈ గ్రంథాలను చదవడం కష్టం కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేము మందిరాన్ని కాల్చివేసి, యూదులను బబులోనుకు చెరగా తీసుకుపోయినది క్రీ.పూ. 586 ప్రాంతంలో. పారసీక రాజు కోరెషు 539లో బబులోనును పట్టుకున్నాడు, మరుసటి ఏడు యూదులు తిరిగి వెళ్లి మందిరం కట్టుకోవచ్చని ఆజ్ఞ ఇచ్చాడు. వచ్చినవాళ్లు బలిపీఠాన్ని నిలబెట్టారు, పునాది వేశారు. ఆ పునాది చూసి యువకులు సంతోషంతో కేకలు వేశారనీ, మొదటి మందిరాన్ని చూసిన వృద్ధులు బిగ్గరగా ఏడ్చారనీ, ఏది కేకో ఏది ఏడుపో దూరం నుంచి వినేవారికి తెలియలేదనీ ఎజ్రా గ్రంథం మూడవ అధ్యాయం చెబుతుంది. తర్వాత పొరుగువారి అడ్డంకులు వచ్చాయి, పని ఆగిపోయింది. పారసీక రాజు దర్యావేషు ఏలుబడి రెండవ సంవత్సరం, అంటే క్రీ.పూ. 520 వరకు ఆ పునాది అలాగే పడి ఉంది. హగ్గయి నోరు తెరిచినది ఆ ఏడే.

హగ్గయి గ్రంథం మొత్తం రెండు అధ్యాయాలు, ముప్పై ఎనిమిది వచనాలు. పావుగంటలో బిగ్గరగా చదివేయవచ్చు, అలా చదవాలి కూడా. ప్రతి సందేశానికి తేదీ వేసి ఉంది: ఆరవ నెల మొదటి దినం, ఏడవ నెల ఇరవై ఒకటవ దినం, తొమ్మిదవ నెల ఇరవై నాలుగవ దినం. మన క్యాలెండరులోకి మార్చుకుంటే 520 ఆగస్టు చివర మొదలై డిసెంబరు మూడవ వారానికి ముగుస్తుంది. నాలుగు నెలలైనా నిండని సేవ. ఆయన పుట్టుపూర్వోత్తరాలు, తండ్రి పేరు, మరణం ఏవీ మనకు ఇవ్వలేదు. ఒక పని కోసం వచ్చాడు, చెప్పాడు, వెళ్లిపోయాడు.

మొదటి సందేశంలో ఆయన జనాన్ని తిట్టడం లేదు, వాళ్ల జీవితాన్ని వాళ్లకే చూపిస్తున్నాడు. విస్తారంగా విత్తారు, కొంచెమే పండింది. తింటున్నారు, ఆకలి తీరడం లేదు. బట్ట కప్పుకుంటున్నారు, చలి ఆగడం లేదు. కూలి డబ్బు చిరిగిన సంచిలో వేసినట్టు కారిపోతోంది. రెండవ అధ్యాయంలో ఇదే మాట కొలతలతో వస్తుంది: ఇరవై కొలతలు ఉంటాయనుకుని కుప్ప దగ్గరికి వస్తే పదే ఉన్నాయి, యాబది ఉంటాయనుకుని ద్రాక్ష తొట్టి దగ్గరికి వస్తే ఇరవయ్యే ఉన్నాయి. మా తరగతిలో ఈ భాగం చదివినప్పుడు గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్ద రైతు, ఈ మాటలు చెప్పినవాడు కళ్లంలో నిలబడినవాడేనండీ అన్నారు. పైరు పచ్చగా నిలబడి ఉన్నప్పుడు ఎవరికీ అనుమానం రాదట. కోసి, కుప్ప వేసి, కుప్ప ఎత్తు చూసి ఇన్ని బస్తాలని మనసులో లెక్క వేసుకుంటారు. తీరా నూర్చి తూర్పారబడితే సగం తాలు గాలికి పోతుంది, అప్పుడు ఇంటి ఆడవాళ్ల ముఖం చూడలేమన్నారు. ఆ వచనం మీద ఆయన కంటే మంచి వ్యాఖ్యానం నేను ఎక్కడా చదవలేదు.

హగ్గయి చెప్పేది ఆ ఖాళీ కుప్ప గురించే. మీ ఇళ్లకు పైకప్పు చెక్కలు అమిరాయి, నా ఇల్లు పాడుగా ఉంది, ఇది సమయమా అన్న ప్రశ్న వెనుక పెద్ద ఆరోపణ ఉంది. సమయం ఇంకా రాలేదన్న వాళ్ల మాటలో భక్తి లోపించలేదు. యిర్మీయా చెప్పిన డెబ్బై ఏళ్లు నిండలేదని లెక్కలు వేసుకున్నవారు కూడా వారిలో ఉండి ఉండవచ్చు. ఆశ చిన్నబోయినప్పుడు మనిషి దేవుణ్ణి తిరస్కరించడు, కేవలం వాయిదా వేస్తాడు. చేతికందిన పని మీద, ఇంటి మీద, పొలం మీద దృష్టి పెట్టుకుంటాడు. ఇందులో నన్ను నేను చూసుకోని సంవత్సరం లేదు.

చాలామంది గమనించకుండా దాటిపోయే విషయం ఒకటుంది. ఆ జనం మాట విన్నారు. పాత నిబంధన ప్రవక్తల చరిత్రలో ఇది ఎంత అరుదో ఆలోచించండి. యిర్మీయాను గోతిలో దింపారు, ఆమోసును బేతేలు నుంచి వెళ్లిపొమ్మన్నారు. హగ్గయి మాట్లాడిన మూడు వారాలకే జెరుబ్బాబెలు అనే అధికారి, యెహోషువ అనే ప్రధానయాజకుడు, మిగిలిన జనమంతా వచ్చి పని మొదలుపెట్టారు. వాళ్లు లోబడిన వెంటనే దేవుడు చెప్పిన మాట చాలా చిన్నది: నేను మీకు తోడుగా ఉన్నాను. వివరణ లేదు, షరతు లేదు.

రెండవ సందేశం వచ్చిన తేదీ మీద నేను ఎప్పుడూ ఆగుతాను. ఏడవ నెల ఇరవై ఒకటవ దినం పర్ణశాలల పండుగలో ఏడవ రోజు, కోతల సంబరం జరిగే కాలం. సొలొమోను తన మందిరాన్ని ప్రతిష్ఠించినది కూడా ఏడవ నెలలో, ఆ పండుగ సమయంలోనే అని మొదటి రాజుల గ్రంథం ఎనిమిదవ అధ్యాయం చెబుతుంది. అంటే పంట సరిగా లేని ఏడు కోతల పండుగ నాడు, పాత మందిరపు ప్రతిష్ఠ పండుగ నాడు, సగం లేచిన రాళ్ల ముందు నిలబడి హగ్గయి అడుగుతున్నాడు: మొదటి మహిమను చూసినవాళ్లు మీలో ఎవరున్నారు? ఇది ఇప్పుడు మీకు ఎలా కనబడుతోంది? ఏమీ లేనట్టుగా ఉంది కదా? మందిరం కాలి అప్పటికి అరవై ఆరేళ్లు. చూసి గుర్తు పెట్టుకున్నవారు డెబ్బై దాటినవారే. వాళ్లకు నొప్పి కలిగే ప్రశ్నను ప్రవక్తే ముందుగా అడిగేశాడు. ఈ మందిరం బాగానే ఉందిలే అని సర్దిచెప్పలేదు. చిన్నదేనని ఒప్పుకుని, ఆ తర్వాత ధైర్యం తెచ్చుకోండి, పని చేయండి అన్నాడు.

మన తెలుగు సంఘాలలో కొత్త మందిరం ప్రతిష్ఠించే రోజున కడవరి మందిర మహిమ మునుపటి మహిమను మించుతుందన్న వచనాన్ని బ్యానరు మీద రాయిస్తారు. రాయించడం మంచిదే. అయితే ఆ వచనాన్ని మొదట విన్నవాళ్ల చేతుల్లో ఉన్నది పాలరాయి నేల, రంగు అద్దాల కిటికీలు ఉన్న భవనం కాదు. ఊళ్లో సగం కట్టి, స్లాబు పడక, ఇనుప చువ్వలు తుప్పు పట్టి నిలిచిన చిన్న మందిరానికే ఆ మాట ఇంకా బాగా సరిపోతుంది.

తొమ్మిదవ నెలలో యాజకులను హగ్గయి అడిగిన ప్రశ్న మీకు విచిత్రంగా అనిపించిందని రాశారు. బట్ట చెంగులో ప్రతిష్ఠిత మాంసం మూటగట్టుకున్నవాడు ఆ చెంగుతో రొట్టెనో, కూరనో, నూనెనో తాకితే అవి ప్రతిష్ఠితం అవుతాయా? కావు అన్నారు. శవాన్ని ముట్టి అపవిత్రుడైనవాడు వాటిని తాకితే? అపవిత్రం అవుతాయి అన్నారు. మంచి అంటుకోదు, మైల అంటుకుంటుందన్న ఈ తీర్పు కఠినంగా ఉంటుంది. మందిరం దగ్గర రాళ్లు మోసినంత మాత్రాన మోసేవాడి బతుకు పవిత్రం కాదని దీని అర్థం. ఈ ప్రశ్నను గుర్తు పెట్టుకోండి, జెకర్యా చివరలో దీనికి జవాబు వస్తుంది.

హగ్గయి చివరి సందేశం జెరుబ్బాబెలు గురించి. నిన్ను ముద్ర ఉంగరంగా చేస్తాను అని దేవుడు అంటాడు. ఇతని తాత యెహోయాకీను. ఆ రాజు దేవుని కుడిచేతికున్న ముద్ర ఉంగరమైనా సరే ఊడబెరికి పారవేస్తానని యిర్మీయా ఇరవై రెండవ అధ్యాయంలో దేవుడు ప్రమాణం చేశాడు. అంటే తాత దగ్గర తీసివేసిన ఉంగరం మనుమడి దగ్గరికి తిరిగి వస్తోంది. అంతవరకు ఎంతో అందంగా ఉంది. కానీ జెరుబ్బాబెలు రాజు కాలేదు. మందిరం పూర్తయిన సందర్భాన్ని వర్ణించే ఎజ్రా ఆరవ అధ్యాయంలో అతని పేరు కూడా లేదు. ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత అతని పేరు మత్తయి, లూకా రాసిన వంశావళులలో, యేసుక్రీస్తు పూర్వికుల వరుసలో కనబడుతుంది. క్రైస్తవునిగా ఆ వరుసను చూసి నేను సంతోషిస్తాను. అయినా 520లో ఆ మాట విన్న మనిషి తన జీవితకాలంలో దాని నెరవేర్పు చూడలేదన్న సంగతిని ఆ సంతోషం కింద కప్పివేయకూడదని నా అభిప్రాయం. ఈ గ్రంథాలు కప్పిపుచ్చడం లేదు, మనం ఎందుకు కప్పిపుచ్చాలి?

ఇక జెకర్యా. ఇతడు హగ్గయి ఉన్న ఊరిలోనే, ఆ ఏడే, ఎనిమిదవ నెలలో మొదలుపెట్టాడు. హగ్గయి రెండవ, మూడవ సందేశాల తేదీల నడుమ ఇతని మొదటి మాట వస్తుంది. వీరిద్దరినీ ఎజ్రా గ్రంథం రెండుసార్లు కలిపే చెబుతుంది. ఒకరు రాళ్ల గురించి, ధాన్యం గురించి మాట్లాడుతుంటే రెండవవారు రాత్రివేళ దర్శనాలు చూస్తున్నారు.

దర్శనాల దగ్గర అందరూ చేసేది ఒక్కటే: ఈ కొమ్ము ఏ దేశం, ఈ గుర్రం ఏ యుద్ధం అని పట్టిక వేయడం. ఆ పని కాసేపు పక్కన పెట్టి, మొదటి దర్శనంలో జరిగే సంభాషణను వినండి. గొంజి చెట్ల మధ్య నిలిచిన గుర్రాల మీదివారు లోకమంతా తిరిగి వచ్చి, భూమి అంతా నెమ్మదిగా, శాంతంగా ఉందని చెబుతారు. మంచి వార్తే కదా అనుకుంటాం. కానీ వెంటనే దేవదూత, ఇంకెన్నాళ్లు కనికరించకుండా ఉంటావని మొరపెడతాడు. ఎందుకు? తేదీలు చూడండి. ఆకాశాన్ని భూమిని కదిలిస్తాను, రాజ్యాల బలాన్ని నాశనం చేస్తానని హగ్గయి తొమ్మిదవ నెల ఇరవై నాలుగున చెప్పాడు. జెకర్యాకు ఈ దర్శనం పదకొండవ నెల ఇరవై నాలుగున వచ్చింది. సరిగ్గా రెండు నెలలు. దర్యావేషు సింహాసనం ఎక్కిన తొలి రోజుల్లో సామ్రాజ్యమంతా తిరుగుబాట్లతో అట్టుడికింది. వాటిని ఒక్కొక్కటిగా ఎలా అణచివేశాడో అతడే బెహిస్తూన్ కొండ మీద మూడు భాషలలో చెక్కించాడు. ఆ అల్లకల్లోలం చూసి, ఇక ఈ రాజ్యం కూలుతుంది, మన దినం వచ్చిందని యెరూషలేములో కొందరైనా అనుకుని ఉంటారు. ఏమీ కూలలేదు. అంతా సద్దుమణిగింది. భూమి నెమ్మదిగా ఉంది అన్న మాట వాళ్ల చెవికి, ఏమీ మారలేదు అన్నట్టు వినిపించి ఉంటుంది. ఆ నిరాశను దేవదూత తన మొరగా చేసుకున్నాడు. దానికి దేవుడు మధురమైన, ఆదరణ మాటలతో ఉత్తరమిచ్చాడని ఉంది. ఆ దర్శనం నుంచి నేను నేర్చుకున్న, ఇంకెన్నాళ్లు అన్న ప్రార్థన ఈ రోజుకూ నాకు ఉపయోగపడుతోంది.

మూడవ అధ్యాయంలోని నాలుగవ దర్శనం ఇంకా దగ్గరగా చూడదగినది. ప్రధానయాజకుడు యెహోషువ మురికి బట్టలతో దేవుని దూత ఎదుట నిలబడి ఉన్నాడు, అతని మీద నేరం మోపడానికి సాతాను పక్కన నిలిచాడు. ఇతని తాత శెరాయా, మందిరం కాలిన ఏడు రిబ్లాలో బబులోను రాజు చేతిలో చనిపోయిన ప్రధానయాజకుడు. తండ్రి యెహోజాదాకు చెరకు పోయినవాడు. ఆ కుటుంబం మోసినదంతా ఆ బట్టల మీద ఉంది. నేరారోపణ అబద్ధమని ఎవరూ అనరు. ఇతడు నిప్పులో నుంచి లాగిన కొరవి కదా అని మాత్రమే అంటారు. బట్టలు మార్చమని ఆజ్ఞ అవుతుంది. అప్పటిదాకా చూస్తూ ఊరుకున్న జెకర్యా ఉన్నట్టుండి తానే దర్శనంలోకి దూరి, అతని తల మీద తెల్లని పాగా పెట్టించండి అని మనవి చేస్తాడు. ఎంత మానవమైన క్షణం! మరొక మనిషి క్షమించబడుతుంటే చూస్తూ ఉండలేక, ఆ క్షమాపణ సంపూర్ణం కావాలని అడిగినవాడు ఆ ప్రవక్త. పాగా పెట్టారు.

నాలుగవ అధ్యాయంలో బాగా ప్రసిద్ధమైన వచనం ఉంది, శక్తిచేత కాదు, బలముచేత కాదు, నా ఆత్మచేతనే అని. దానికి కొద్దిగా కిందనే, కార్యములు అల్పములై ఉన్న కాలాన్ని తృణీకరించినవాడెవడు అన్న ప్రశ్న ఉంది. నా మట్టుకు ఈ మూడు గ్రంథాల గుండెకాయ అక్కడే ఉంది.

అయితే నేను అన్నిటికంటే ఎక్కువగా మళ్లీ మళ్లీ చదివేది ఏడు, ఎనిమిది అధ్యాయాలు. 518 డిసెంబరులో బేతేలు వైపు నుంచి కొందరు వచ్చి ఒక ఆచారం గురించి అడిగారు: ఇన్నేళ్లుగా అయిదవ నెలలో ఏడుస్తూ ఉపవాసం ఉంటున్నాం, ఇంకా ఉండాలా? అయిదవ నెల మందిరం కాలిన నెల. ఇప్పుడు కొత్త మందిరం గోడలు లేస్తున్నాయి. దుఃఖం ఎప్పుడు ఆపవచ్చన్న ఈ ప్రశ్న ఎంత సున్నితమైనదో, ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవారికి చెప్పనక్కర లేదు. దానికి జెకర్యా వెంటనే జవాబు ఇవ్వడు. ఆ ఉపవాసం నా కోసమేనా అని దేవుడు ఎదురు ప్రశ్న వేస్తాడు. విధవరాలిని, తండ్రి లేనివారిని, పరదేశిని, దరిద్రుణ్ణి బాధపెట్టవద్దని పాత ప్రవక్తలు చెప్పిన మాటలను గుర్తు చేస్తాడు. తర్వాత ఎనిమిదవ అధ్యాయంలో యెరూషలేము వీధులను చూపిస్తాడు: చేతికర్ర పట్టుకున్న ముసలివాళ్లు, ముసలమ్మలు వీధుల్లో కూర్చుని ఉంటారు, ఆ వీధులనిండా ఆడపిల్లలు, మగపిల్లలు ఆడుకుంటూ ఉంటారు. దేవుడు తన ప్రజలకు ఇచ్చే భవిష్యత్తు చిత్రంలో సైన్యం లేదు, సింహాసనం లేదు. మనుషులు ముసలితనం దాకా బతకడం, పిల్లలు భయం లేకుండా వీధిలో ఆడుకోవడం ఉన్నాయి. యుద్ధం చూసిన ఊరికి అంతకంటే పెద్ద వాగ్దానం ఏముంటుంది? ఇదంతా చెప్పిన తర్వాతే అసలు జవాబు వస్తుంది. నాలుగు, అయిదు, ఏడు, పది నెలల ఉపవాసాలు సంతోషకరమైన పండుగలవుతాయి. యెరూషలేము గోడ పడిన నెల, మందిరం కాలిన నెల, బబులోను రాజు నియమించిన అధికారి గెదల్యా హత్య జరిగిన నెల, ముట్టడి మొదలైన నెల, వరుసగా ఇవే ఆ నాలుగూ. ఏ ఒక్క దుఃఖాన్నీ లెక్కలోంచి వదిలిపెట్టలేదు.

తొమ్మిది నుంచి పద్నాలుగు వరకు ఉన్న అధ్యాయాలు వేరే లోకం. తేదీలు లేవు, జెకర్యా పేరు లేదు, మందిర నిర్మాణం ప్రస్తావన లేదు. అందుకే చాలామంది పండితులు ఆ భాగం తరువాతి కాలానిదని భావిస్తారు. సంప్రదాయంగా చదివేవారు ప్రవక్త వృద్ధాప్యంలో పలికినవని అంటారు. ఈ చర్చ తేలే వరకు ఆగనక్కర లేదు. గాడిద మీద వచ్చే దీనుడైన రాజు, కాపరికి కూలిగా తూచిన ముప్పది వెండి నాణెములు, పొడవబడినవాని కోసం ఏడ్చే జనం, కొట్టబడిన కాపరి, చెదరిన గొర్రెలు, ఇవన్నీ సువార్తలలోని యేసు శ్రమల వృత్తాంతంలోకి వచ్చి చేరాయి. ఆ ముప్పది, ఎద్దు పొడిచి చంపిన దాసునికి నిర్గమకాండము ఇరవై ఒకటవ అధ్యాయం నిర్ణయించిన వెల. కాపరి విలువ అంతేనని వాళ్లు లెక్క కట్టారు. ఈ అధ్యాయాలను పట్టుకుని ఈనాటి దేశాల పేర్లు, యుద్ధాల తేదీలు లెక్కించే ప్రసంగాలు మీరు వినే ఉంటారు. వాటి జోలికి పోవద్దని ప్రేమతో చెబుతున్నాను. ఆ లెక్కలలో పడితే గాడిద మీది రాజు కనబడడు.

పద్నాలుగవ అధ్యాయం భయంకరమైన యుద్ధంతో మొదలవుతుంది, చివరి రెండు వచనాలు మాత్రం వంటింట్లో ముగుస్తాయి. గుర్రాల మెడలోని గంటల మీద యెహోవాకు ప్రతిష్ఠితము అని రాసి ఉంటుంది. ఆ మాట అంతకుముందు ప్రధానయాజకుని నొసటి బంగారు రేకు మీద మాత్రమే ఉండేది. యెరూషలేములో, యూదాలో ఉన్న ప్రతి వంటపాత్రా ప్రతిష్ఠితమవుతుంది. హగ్గయి యాజకులను అడిగిన ప్రశ్న గుర్తుందా? పవిత్రత రొట్టెకూ కూరకూ అంటుకోదని అప్పుడు తీర్పు వచ్చింది. ఇక్కడ అది కూర వండే కుండ దాకా వచ్చి చేరింది. రెండు గ్రంథాలను విడివిడిగా చదివితే ఇది కనబడదు.

మలాకీకి తేదీ లేదు. కానీ మందిరం పూర్తయి (515లో పూర్తయింది) బలులు నడుస్తున్నాయి, దేశం మీద ఒక అధికారి ఉన్నాడు, యాజకులు విసిగిపోయి ఉన్నారు. ఎక్కువమంది దీన్ని అయిదవ శతాబ్దపు నడిభాగంలో, నెహెమ్యా కాలానికి దగ్గరగా ఉంచుతారు. అంటే హగ్గయి మాట విని రాళ్లు మోసినవారి మనుమలు, మునిమనుమలు వీళ్లు. తాతల నిరాశలో కన్నీళ్లు ఉన్నాయి. వీళ్ల నిరాశ ఎండిపోయింది. దేవుడు, నేను మిమ్మల్ని ప్రేమించాను అంటే, ఏ విషయంలో ప్రేమించావు అని తిరిగి అడుగుతున్నారు. గ్రంథమంతా ఇలాంటి వాదోపవాదమే: దేవుడు ఒక మాట అంటాడు, అదెలా అని జనం ఎదురు అడుగుతారు, దేవుడు చూపిస్తాడు. నాకు ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే, ఆ ప్రశ్నలను గ్రంథంలో రాసి భద్రపరిచారు. విసుగెత్తిన మనిషి మాటను దేవుడు తన గ్రంథంలో చోటిచ్చి నిలిపాడు.

కుంటిదాన్ని, గుడ్డిదాన్ని, రోగం పట్టినదాన్ని బలికి తెస్తున్నారు. దాన్ని మీ అధికారికి ఇచ్చి చూడండి, పుచ్చుకుంటాడా అన్న మాట ఎంత నేరుగా తగులుతుందో మన ఊళ్లల్లో ఎవరికైనా తెలుస్తుంది. పై అధికారి ఇంటికి వెళ్లేటప్పుడు పళ్లబుట్టలో మచ్చ ఉన్న పండు ఎవరూ పెట్టరు. ఇలాంటి ఆరాధన కంటే మందిరపు తలుపులు మూసేవాడు ఒక్కడైనా ఉంటే మేలని దేవుడే అంటాడు. ఏ మందిరం కోసం రెండు తరాల ముందు ఇద్దరు ప్రవక్తలు అంత శ్రమపడ్డారో, ఆ మందిరం తలుపులే.

పదియవ భాగం, అంటే రాబడిలో పదో వంతు, దేవుని మందిరానికి తెమ్మన్న వచనం గురించి మీరు సూటిగా అడిగారు కాబట్టి సూటిగా చెబుతాను. ఆకాశపు వాకిండ్లు విప్పి పట్టజాలనంత దీవెన కుమ్మరిస్తానన్న వాగ్దానాన్ని మనం కానుకల కవర్ల మీద అచ్చు వేస్తాం. దానికి ముందున్న, నా మందిరములో ఆహారముండునట్లు అన్న మాటలు మాత్రం చాలాసార్లు జారిపోతాయి. నెహెమ్యా పదమూడవ అధ్యాయం పక్కన పెట్టుకుని చదవండి. మందిరపు కొట్టుగది ఖాళీ చేసి టోబీయా అనే పలుకుబడి గల మనిషికి నివాసంగా ఇచ్చారు. మందిర సేవకులైన లేవీయులకు రావలసిన ధాన్యం రాక వాళ్లు సేవ మాని ఎవరి పొలానికి వాళ్లు పారిపోయారు. ఆ పదియవ భాగంలో మూడేళ్లకొకసారి పరదేశికీ, తండ్రి లేనివారికీ, విధవరాలికీ వాటా ఉందని ద్వితీయోపదేశకాండము పద్నాలుగవ అధ్యాయం చెబుతుంది. మలాకీ మూడవ అధ్యాయం అయిదవ వచనంలో దేవుడు ఎవరి మీద సాక్ష్యం చెబుతానన్నాడో చూడండి: కూలివాని కూలి బిగబట్టేవారు, విధవరాలిని, తండ్రి లేనివారిని బాధపెట్టేవారు, పరదేశికి అన్యాయం చేసేవారు. మూడు వచనాల తర్వాతే, పదియవ భాగం ఇవ్వక దేవుని దగ్గర దొంగిలించారన్న ఆరోపణ వస్తుంది. అయిదవ వచనం చదవకుండా పదవ వచనం బోధించడం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను. ఇవ్వడం మానమని దీని అర్థం కాదు. ఇచ్చినది ఎవరి ఆకలి తీర్చాలో ఆ వచనమే చెబుతోందని అంటున్నాను.

అదే అధ్యాయంలో, దేవుని సేవ చేయడం వ్యర్థం, ఏమి లాభం అని కొందరు అంటారు. వెంటనే, భయభక్తులు గలవారు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు, యెహోవా చెవియొగ్గి విన్నాడు, వారి కోసం జ్ఞాపకార్థ గ్రంథం ఒకటి రాయబడింది అని ఉంది. వాళ్లు ఏమి మాట్లాడుకున్నారో చెప్పలేదు. పారసీక రాజుల కాలంలో జీవించినవారికి ఈ మాట బరువు తెలుసు. కోరెషు ఇచ్చిన ఆజ్ఞ నమోదై అహ్మెతా కోటలో దొరకబట్టే దర్యావేషు కాలంలో మందిరం పని ఆగకుండా సాగింది. ఎస్తేరు కథలో నిద్ర పట్టని రాజుకు చదివి వినిపించిన దస్తావేజే మొర్దెకైకి గౌరవం తెచ్చింది. రాసి పెట్టి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు బయటికి వస్తుందని వాళ్లకు అనుభవం. చిన్న సంఘంలో నలుగురైదుగురు కూర్చుని వాక్యం మాట్లాడుకునే ప్రతి సాయంకాలం నాకు ఈ వచనం జ్ఞాపకం వస్తుంది.

చివరి మాటల గురించి కూడా మీరు అడిగారు. ఏలీయా వస్తాడు, తండ్రుల హృదయాలను పిల్లల వైపు, పిల్లల హృదయాలను తండ్రుల వైపు తిప్పుతాడు, లేకపోతే దేశం శాపం పాలవుతుంది. పాత నిబంధన శాపం అన్న మాటతో ముగియడం మిమ్మల్ని కలవరపెట్టిందన్నారు. యూదులకూ ఆ ఇబ్బంది ఉంది. సమాజమందిరంలో ఈ భాగం చదివినప్పుడు చివరి వచనం అయ్యాక ఏలీయా వస్తాడన్న ముందు వచనాన్ని మళ్లీ చదివి ముగిస్తారు. వారి గ్రంథక్రమంలో మలాకీ చివరిది కాదు కూడా. పన్నెండుమంది చిన్న ప్రవక్తలు ఒకే చుట్టగా మధ్యలో ఉంటారు, చివర దినవృత్తాంతములు వస్తాయి. మన క్రమంలో పేజీ తిప్పగానే మత్తయి వంశావళి, అందులో జెరుబ్బాబెలు. లూకా మొదటి అధ్యాయంలో దేవదూత జెకర్యా అనే పేరున్న మరొక యాజకునితో, యెరూషలేము మందిరంలోనే, పుట్టబోయే బాప్తిస్మమిచ్చు యోహాను గురించి చెబుతూ తండ్రుల హృదయాలు పిల్లల వైపు తిప్పడం అన్న మాటనే ఎత్తుకుంటాడు. మధ్యలో నాలుగు వందల ఏళ్ల కాలం గడిచింది. కానీ ఆ మాట దగ్గరే సంభాషణ మళ్లీ మొదలైంది.

మళ్లీ చదవబోయేటప్పుడు ముందుగా ఎజ్రా మొదటి ఆరు అధ్యాయాలు చదవండి. తర్వాత హగ్గయిని ఒకే బిగిన బిగ్గరగా చదివి, తేదీలను కాగితం మీద రాసుకోండి, జెకర్యా మొదటి ఎనిమిది అధ్యాయాల తేదీలను ఆ వరుసలోనే చేర్చండి. దర్శనాలలో అర్థం కానివి ఉంటే వదిలేసి, ఎవరు ఎవరితో ఏమన్నారో మాత్రం చూసుకుంటూ వెళ్లండి. తొమ్మిది నుంచి పద్నాలుగు అధ్యాయాలను ఇప్పుడే చదవకుండా, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో మత్తయి 21 నుంచి 27 వరకు చదివేటప్పుడు పక్కన పెట్టుకుని చదవండి. మలాకీకి నెహెమ్యా 13 తోడుగా ఉండాలి. జనం అడిగే ప్రశ్నలను వేరే గొంతుతో చదవడానికి ఇంట్లో ఇంకొకరు దొరికితే ఇంకా మంచిది. మా తరగతిలో ఆ ప్రశ్నలు చదవడానికి ఎప్పుడూ పెద్దవాళ్ల కంటే ఇంటర్ చదివే పిల్లలే ముందుకు వస్తారు, వాళ్ల గొంతులో అవి నిజమైన ప్రశ్నలుగానే వినిపిస్తాయి.